లోటా, మిగులా, సరిసమానమా? కారణాంకాలను బట్టి సంఖ్య ఏ కోవదో తేల్చడం ఎలా

ఆంధ్ర ప్రాంతంలో చెల్లిన పాత మద్రాసు తూకాల్లో వీశకు 120 తులాలు. అరవీశ అంటే 60 తులాలు, పదలం అంటే 30, ఏబులం అంటే 15. సేరు 24 తులాలు, పలం 3 తులాలు. వీశను ఈ కొలతల్లో ఎలా పంచినా తులం ముక్కలు చేయాల్సిన పని లేదు. అదే వీశను 121 తులాలుగా పెట్టి ఉంటే? సగం లేదు, పావు లేదు, మూడో వంతు లేదు. పదకొండు మందికి పంచాలంటే తప్ప ఆ తూకం ఎందుకూ పనికిరాదు.

120కీ 121కీ తేడా ఒక్కటే. అయినా పంపకానికి వచ్చేసరికి ఒకటి ధర్మాత్ముడు, ఇంకొకటి పిసినారి. ఈ స్వభావం సంఖ్య ఎంత పెద్దదన్న దాన్ని బట్టి రాదు, దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యల్ని బట్టి వస్తుంది. వాటినే బడిలో కారణాంకాలు అంటాం, భాజకాలు అన్నా అవే. నేను ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ పాఠానికి వచ్చినప్పుడు పిల్లలు ప్రధాన సంఖ్య, సంయుక్త సంఖ్య అనే రెండు మాటలు నేర్చుకుని ఆగిపోతుంటే నాకు మనసొప్పదు. అసలు సరదా అంతా ఆ తర్వాతే ఉంది. ఇంట్లో కూర్చుని మీ అంతట మీరు చేసుకునేలా ఆ దారంతా ఇక్కడ రాస్తున్నాను. కావలసినవి గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, పిడికెడు చింతపిక్కలు.

ముందు పిక్కలతో మొదలుపెట్టండి

పన్నెండు పిక్కలు తీసి, వరసకు సమానంగా ఉండేలా పేర్చండి. ఒకే వరసలో పన్నెండూ పెట్టొచ్చు. రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి పెట్టొచ్చు. అంటే 12కి కారణాంకాలు 1, 12, 2, 6, 3, 4. ఇప్పుడు ఇంకో పిక్క కలపండి. పదమూడు పిక్కల్ని ఎన్ని తంటాలు పడ్డా ఒకే వరసలో తప్ప పేర్చలేరు. రెండేసి పెడితే ఒకటి మిగులుతుంది, మూడేసి పెట్టినా ఒకటే మిగులుతుంది, అయిదేసి పెడితే మూడు మిగులుతాయి. ప్రధాన సంఖ్య అంటే ఏమిటో వేళ్లకు తెలియడం ఇదే. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ మెట్టు దాటేయకండి. నిర్వచనం మరిచిపోయినా ఆ మిగిలిపోయిన పిక్క గుర్తుంటుంది.

జతలుగా రాయండి, కలిసిన చోట ఆగండి

36కి కారణాంకాలు రాయమంటే నా దగ్గర ఒక పాప ఎప్పుడూ 18ని వదిలేసేది. 1, 2, 3, 4, 6, 9, 12, ఆ తర్వాత నేరుగా 36. తప్పు పాప తెలివిలో లేదు, రాసే పద్ధతిలో ఉంది. ఒకే వరసలో చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వెతుక్కుంటూ వెళితే చివర్లో ఏదో ఒకటి జారిపోతుంది. జతలుగా రాయమన్నాను:

1 × 36
2 × 18
3 × 12
4 × 9
6 × 6

ఎడమ వైపు అంకె పెరుగుతూ వస్తుంది, కుడి వైపుది తగ్గుతూ వస్తుంది. రెండూ ఎదురుపడ్డ చోట పని అయిపోయినట్టే. అంతకు మించి వెతికితే పాత జతలే తిరగబడి వస్తాయి. అంటే ఏ సంఖ్యకైనా దాని వర్గమూలం దాకా వెతికితే చాలు.

దీనివల్ల వచ్చే లాభం చాలా పెద్దది. 100 లోపు సంఖ్య ప్రధానమా కాదా తేల్చడానికి 2, 3, 5, 7 అనే నాలుగింటితో భాగించి చూస్తే సరిపోతుంది. 11తో చూడాల్సిన అవసరం 121 నుంచే మొదలవుతుంది. 97ని ఆ నాలుగింటిలో ఏదీ నిశ్శేషంగా భాగించదు కాబట్టి అది ప్రధానమే. 91 మాత్రం మోసం చేస్తుంది. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది కానీ విరిచి చూడండి: 70 + 21. రెండూ ఏడో ఎక్కంలోవే. కాబట్టి 91 = 7 × 13. ఇలాగే 51, 57, 87 కూడా పిల్లల్ని బోల్తా కొట్టిస్తాయి. అంకెలు కూడి చూస్తే 6, 12, 15 వస్తాయి, అన్నీ మూడో ఎక్కంలోవే కాబట్టి ఆ మూడూ 3తో భాగించబడతాయి.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి

జతలు రాశాక మొదటి ప్రశ్న: మొత్తం ఎన్ని?

ఒక్కటే ఉంటే ఆ సంఖ్య 1. అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు. సరిగ్గా రెండుంటే ప్రధాన సంఖ్య. 100 లోపు ఇలాంటివి 25. రెండుకు మించి ఉంటే సంయుక్త సంఖ్య. సున్నాని ఈ ఆటలోకి తీసుకురాకండి. దాన్ని 1, 2, 3 ఏదైనా నిశ్శేషంగా భాగిస్తుంది, ఆ జాబితాకు అంతుండదు.

ఇక్కడే ఆగి ఒక సంగతి గమనించండి. జతలుగా రాస్తున్నాం కాబట్టి లెక్క ఎప్పుడూ సరి సంఖ్యే రావాలి కదా? 36కి మాత్రం తొమ్మిది వచ్చాయి. కారణం ఆ చివరి జత, 6 × 6. అందులో ఉన్నది ఒక్క అంకే. కాబట్టి కారణాంకాల సంఖ్య బేసి అయితే అది తప్పకుండా వర్గ సంఖ్య. సరిగ్గా మూడే ఉంటే అది ఒక ప్రధాన సంఖ్యకు వర్గం. 100 లోపు అలాంటివి 4, 9, 25, 49 మాత్రమే.

ఇక రెండో కొసన ధర్మాత్ములు. 60కి 12 కారణాంకాలు. ఆ తర్వాత 72, 84, 90, 96, 108 కూడా సరిగ్గా 12 దగ్గరే ఆగిపోతాయి. 120 వచ్చేసరికి ఒక్కసారిగా 16. తనకంటే చిన్నవాటన్నిటినీ ఇలా దాటేసే సంఖ్యల మీద శ్రీనివాస రామానుజన్ 1915లో లండన్ మేథమేటికల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. ఆ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. వాటిని అతి సంయుక్త సంఖ్యలు అందాం. వరస ఇలా సాగుతుంది: 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360. డజను, రోజుకు గంటలు, గంటకు నిమిషాలు, వృత్తానికి డిగ్రీలు అన్నీ ఇందులోనే ఉన్నాయి, మన వీశ తులాలు కూడా. పంచుకోవాల్సిన చోటల్లా మనుషులు ఇలాంటి సంఖ్యల్నే పట్టుకున్నారన్నది నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ముచ్చటగా అనిపించే విషయం.

ఇప్పుడు కూడండి

రెండో ప్రశ్న: కారణాంకాలన్నీ కలిపితే ఎంత? ఇక్కడ సంఖ్యను మాత్రం వదిలేసి మిగిలినవే కూడాలి. వచ్చిన మొత్తాన్ని సంఖ్యతో పోల్చి చూడండి. ఇది ఇంటి జమాఖర్చు లెక్కలాంటిదే.

8 తీసుకోండి. 1 + 2 + 4 = 7. ఒకటి తగ్గింది. ఇది లోటు సంఖ్య, పుస్తకాల మాటలో న్యూన సంఖ్య.
12 తీసుకోండి. 1 + 2 + 3 + 4 + 6 = 16. నాలుగు మిగిలింది. ఇది మిగులు సంఖ్య, అంటే అధిక సంఖ్య.
6 తీసుకోండి. 1 + 2 + 3 = 6. లోటూ లేదు, మిగులూ లేదు. ఇది పరిపూర్ణ సంఖ్య.

ఈ మూడు కోవల విభజన దాదాపు 1900 ఏళ్ల నాటిది. గెరాసాకు చెందిన నికోమాకస్ తన అంకగణిత గ్రంథంలో మిగులు సంఖ్యల్ని అవయవాలు ఎక్కువైన జంతువులతో, లోటు సంఖ్యల్ని అవయవాలు తక్కువైన వాటితో పోల్చాడు. గెరాసా అంటే ఇప్పటి జోర్డాన్‌లోని జెరాష్.

1 నుంచి 100 దాకా ఒకేసారి తేల్చే పద్ధతి

ఒక్కో సంఖ్యకూ కారణాంకాలు వెతుక్కుంటూ కూర్చుంటే వారం పడుతుంది. తిరగేసి చేయండి. గళ్ల కాగితం మీద పదేసి చొప్పున 1 నుంచి 100 దాకా రాయండి. గడులు కాస్త పెద్దవిగా ఉండాలి, ఒక్కో దాంట్లో పది పన్నెండు చిన్న అంకెలు పట్టాలి.

ముందు 1. దాని గడి వదిలేసి మిగిలిన ప్రతి గడిలోనూ మూలన 1 వేయండి. తర్వాత 2. దాని సొంత గడి వదిలేసి 4, 6, 8 అంటూ రెండో ఎక్కం చదువుతూ ప్రతి గడిలో 2 వేయండి. తర్వాత 3ని 6, 9, 12... గడుల్లో వేయండి. ఇలా 50 దాకా వెళ్లండి. 51 నుంచి ఆ తర్వాతి వాటి గుణిజాలు 100 దాటిపోతాయి కాబట్టి వాటితో పని లేదు. మొదట్లో చేయి నొప్పి పుడుతుంది కానీ 20 దాటాక ఒక్కో అంకెకు మూడు గడులకు మించి ఉండవు, చకచకా అయిపోతుంది.

పూర్తయ్యాక ఏ గడి చూసినా, ఆ సంఖ్య తప్ప దాని కారణాంకాలన్నీ అందులోనే ఉంటాయి. 28 గడిలో 1, 2, 4, 7, 14. కూడితే 28! ఆరు తర్వాత మళ్లీ పరిపూర్ణ సంఖ్య ఇక్కడే దొరుకుతుంది. పిల్లలు దీన్ని వాళ్లంతట వాళ్లు కనిపెట్టాలి, ముందే చెప్పేయకండి. 1 వేశాక ఇంకే అంకే చేరకుండా మిగిలిపోయిన గడులు ప్రధాన సంఖ్యలవి.

గడులకు మూడు రంగులు వేయండి. అంతా సరిగ్గా చేసి ఉంటే లోటు సంఖ్యలు 76, మిగులు సంఖ్యలు 22, పరిపూర్ణాలు 2 రావాలి. అలా రాకపోతే 60, 72, 84, 90, 96 గడులు మళ్లీ చూడండి. రద్దీ గడులవే కాబట్టి తప్పులు అక్కడే దొర్లుతాయి.

ఆ 22 ఎక్కడి నుంచి వచ్చాయి?

మిగులు సంఖ్యల జాబితా ఎదురుగా పెట్టుకోండి. 12, 18, 24, 30 అంటూ 96 దాకా ఆరో ఎక్కం అంతా అందులోనే ఉంది, మొత్తం పదిహేను. ఇది యాదృచ్ఛికం కాదు. ఆరో ఎక్కంలోని ఏ సంఖ్యకైనా సగం, మూడో వంతు, ఆరో వంతు మూడూ కారణాంకాలే. వాటిని కలిపితేనే సంఖ్య నిండిపోతుంది. పైన 1 ఎలాగూ ఉంది. 6 కాకుండా వేరేదైతే ఆ 1 అదనం, కాబట్టి మిగులు ఖాయం. పరిపూర్ణ సంఖ్యకైనా మిగులు సంఖ్యకైనా గుణిజాలు ఎప్పుడూ మిగులే అన్న సూత్రానికి ఇదే మూలం.

ఆరో ఎక్కం తీసేస్తే ఏడు మిగిలాయి: 20, 40, 56, 70, 80, 88, 100. ఇందులో 40, 80, 100 మూడూ 20కి గుణిజాలు. 56 అంటే రెండు 28లు. ఇక కొత్తగా పుట్టినవి 20, 70, 88 మాత్రమే. నూరు సంఖ్యల్లోని మిగులంతా 6, 20, 28, 70, 88 అనే అయిదు విత్తనాల నుంచే మొలిచింది.

70 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దాని గడిలో 1, 2, 5, 7, 10, 14, 35 ఉన్నాయి. మొత్తం 74, అంటే నాలుగు ఎక్కువ. వీటిలో కొన్నిటిని ఏరుకుని సరిగ్గా 70 చేయగలరా? చేయాలంటే 4 విలువైనవి తీసేయాలి. 1 తీయొచ్చు, 2 తీయొచ్చు, రెండూ తీస్తే 3, ఆ తర్వాతది 5. 4 ఎలాగూ కుదరదు! 88కి కూడా మిగులు నాలుగే కానీ దాని గడిలో 4 ఉంది, తీసేస్తే సరిపోతుంది. చేతి నిండా ఉండి కూడా సరిగ్గా చిల్లర ఇవ్వలేని ఇలాంటి సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది 70.

లోటు వైపు కూడా ఒక చక్కని వరస ఉంది. 2, 4, 8, 16, 32, 64 గడులు చూడండి. ప్రతిదానికీ లోటు సరిగ్గా ఒకటి. ప్రధాన సంఖ్యలు, వాటి ఘాతాలు ఎప్పుడూ లోటులోనే ఉంటాయి.

సంఖ్య పెద్దదైతే

గడుల పద్ధతి వందల దాకా బాగుంటుంది. ఆ పైన ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడమే దారి. 120నే తీసుకుందాం: 2 × 2 × 2 × 3 × 5.

ఎన్ని కారణాంకాలు? ఒక్కోదాన్ని తయారు చేయడానికి 2ని సున్నా, ఒకటి, రెండు, మూడు సార్లు వాడొచ్చు, అంటే నాలుగు దారులు. 3ని వాడొచ్చు, మానేయొచ్చు, రెండు దారులు. 5కి కూడా రెండే. 4 × 2 × 2 = 16.

వాటి మొత్తం? ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒక్కో కుండలీకరణం రాయండి:

(1 + 2 + 4 + 8) × (1 + 3) × (1 + 5) = 15 × 4 × 6 = 360

కుండలీకరణాల్ని విప్పి గుణిస్తే పదహారు కారణాంకాలూ ఒక్కోసారి వస్తాయి. అందుకే ఈ లెక్క సరిపోతుంది. చివర్లో సంఖ్యను తీసేయడం మరిచిపోకండి, అందరూ చేసే తప్పు అదే. 360 – 120 = 240. అంటే 120కి వచ్చిన మొత్తం దానికి సరిగ్గా రెండింతలు. ఇంత చక్కగా కుదిరే సంఖ్య ఇంతకంటే చిన్నది లేదు.

రామానుజన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన 1729ని కూడా ఇదే తక్కెడలో వేయండి. 7 × 13 × 19. మొత్తం 8 × 14 × 20 = 2240. 1729 తీసేస్తే 511. పెద్ద లోటు.

మిగులు సంఖ్యలన్నీ సరి సంఖ్యలేనని మీ గడుల కాగితం చూసి అనిపిస్తుంది. నా క్లాసులో కూడా ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాట అంటారు. వాళ్లకు నేను ఇచ్చే సంఖ్య 945. 3 × 3 × 3 × 5 × 7. (1 + 3 + 9 + 27) × 6 × 8 = 40 × 6 × 8 = 1920. 945 తీసేస్తే 975. మిగులు వచ్చిన మొట్టమొదటి బేసి సంఖ్య ఇదే. తొమ్మిది వందలకు పైగా సంఖ్యల్లో నిజమైన మాట ఆ తర్వాత ఒక్కదానితో చెడిపోవచ్చని పిల్లలు దీనితో కళ్లారా చూస్తారు.

పరిపూర్ణ సంఖ్యల్ని తయారు చేయడం

వెతకడం కాదు, తయారే చేయొచ్చు. 1 నుంచి రెట్టింపు చేస్తూ కూడండి. మొత్తం ప్రధాన సంఖ్య అయిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని చివరగా కలిపిన అంకెతో గుణించండి.

1 + 2 = 3, ప్రధానమే. 3 × 2 = 6.
1 + 2 + 4 = 7, ప్రధానమే. 7 × 4 = 28.
1 + 2 + 4 + 8 = 15, కాదు. వదిలేయండి. (గుణిస్తే వచ్చేది మన 120!)
16 కలిపితే 31, ప్రధానం. 31 × 16 = 496.
32 కలిపితే 63, కాదు.
64 కలిపితే 127, ప్రధానం. 127 × 64 = 8128.

ఇది ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ తొమ్మిదో పుస్తకంలో చివరి ప్రతిపాదన. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ అచ్చులోంచే వస్తాయని రెండు వేల ఏళ్ల తర్వాత స్విస్ గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. 8128 తర్వాతది ఏకంగా 33550336. 2024 అక్టోబరులో కంప్యూటర్ల సాయంతో దొరికిన ప్రధాన సంఖ్యకు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి, దాంతో వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 8 కోట్లకు పైగా. అన్నీ కలిపి ఇప్పటికి దొరికిన పరిపూర్ణ సంఖ్యలు 52. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ దొరకలేదు, లేదని ఎవరూ నిరూపించనూ లేదు.

వచ్చిన మొత్తానికి మళ్లీ అదే లెక్క

ఇది నాకు చాలా ఇష్టమైన ఆట. 12 నుంచి మొదలుపెట్టండి. దాని మొత్తం 16. 16కి మొత్తం 15. 15కి 9. 9కి 4, 4కి 3, 3కి 1. అక్కడితో ఆట ముగిసింది. 95తో మొదలుపెడితే 25, తర్వాత 6, ఆ తర్వాత ఎప్పటికీ ఆరే.

220 వేరే రకం. దాని మొత్తం 284. 284కి 1 + 2 + 4 + 71 + 142 = 220. ఒకదాని లోటు ఇంకొకదాని మిగులు తీరుస్తుంది. ఇలాంటివాటికి స్నేహ సంఖ్యలని పేరు. ఆయిలర్ ఇలాంటి జంటల్ని పదుల కొద్దీ కనిపెట్టాడు కానీ 1184, 1210 జంట ఆయన కంట పడలేదు. 1866లో పగనీనీ అనే పదహారేళ్ల ఇటలీ కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. కుండలీకరణాల పద్ధతిలో మీరూ సరిచూడండి. 1184 అంటే అయిదు 2లు, ఒక 37. 1210 అంటే 2 × 5 × 11 × 11. రెండింటి మొత్తమూ (వాటిని తీసేయకముందు) 2394 రావాలి.

ఇక కాగితం తీసుకుని 276తో మొదలుపెట్టండి. 276 నుంచి 396, అక్కడి నుంచి 696, 1104, 1872, 3770, 3790. ఆ తర్వాత 3050కి దిగుతుంది, కానీ ముందుకు వెళ్లేకొద్దీ మళ్లీ కొండలా పెరిగిపోతుంది. ఈ గొలుసు ఎప్పటికైనా 1కి చేరుతుందా, ఎక్కడైనా చక్రంలా తిరుగుతుందా, అలా పెరుగుతూనే పోతుందా అన్నది కంప్యూటర్లు లెక్క కట్టినా ఈనాటికీ తేలలేదు. మొదటి ఏడు అడుగులూ మాత్రం ఆరో తరగతి పాప గళ్ల నోటుబుక్కులో వేయగలిగేవే.